ప్రభువుగారండీ

మా అత్తగారు గేదెని కూడా 'మీరు' అంటారు. ఇందులో వెటకారం ఏమీ లేదు. పొద్దున్నే పాలు పితకడానికి వెళ్ళినప్పుడు అది అడ్డంగా నిలబడి ఉంటే, "కాస్త అటు జరగండమ్మా, నాకు చోటివ్వాలి కదా" అంటారు. జరగకపోతే కోపం వస్తుంది గానీ, ఆ కోపంలో కూడా 'అండి' పోదు. "మీకు ఈమధ్య బాగా పొగరెక్కిందండీ" అని వీపు మీద ఒక్కటి చరుస్తారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో నేను వంటింటి కిటికీలోంచి ఇదంతా చూసి, నవ్వు ఆపుకోలేక గిన్నెల చప్పుడు చేసేదాన్ని.

నాది పల్నాడు. మా వైపు మాటకి ఇంత మెత్తదనం లేదు. నాన్నని 'నువ్వు' అంటాం, మేనమామని 'నువ్వు' అంటాం, బడిలో మేష్టారిని ఎదురుగా 'మీరు' అని, వీధి మలుపు తిరగ్గానే 'నువ్వు'లోకి దిగిపోతాం. అలాంటి నన్ను తెచ్చి కొత్తపేట దగ్గర కాలవ గట్టునున్న ఈ ఊళ్ళో పెట్టారు. ఇక్కడ కూరగాయల బండతను బేరం కుదరక విసుగ్గా వెళ్ళిపోతూ కూడా "మరి ఉంటానండి" అని సెలవు తీసుకుంటాడు. ఇద్దరు మనుషులు రోడ్డు మధ్య నిలబడి పోట్లాడుకుంటుంటే, కాసేపు విన్నాక గానీ అది పోట్లాట అని నాకు తెలిసేది కాదు. నేను బడిలో తెలుగు చెబుతాను. ఏకవచనం, బహువచనం, గౌరవ వాచకం అని పిల్లలకి బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. ఆ పాఠం నాకే సరిగ్గా రాదని ఈ ఊరొచ్చాక తెలిసింది.

మొదటి సాయంత్రం కుటుంబ ప్రార్థన నాకు బాగా గుర్తుంది. అన్నాలకి ముందు హాల్లో చాప పరిచారు. ఈ ఇంట్లో వరస ఏమిటంటే, మా ఆయన వాక్యం చదివి ప్రార్థన చేస్తారు, తరవాత నేను, చివర అత్తగారు ముగిస్తారు. పుట్టినప్పటినుంచీ గుడి బల్లల మీద పెరిగినదాన్ని, నాకు ప్రార్థన కొత్త కాదు. దేవుణ్ణి 'నీవు' అనే పిలుస్తాం. పాస్టర్లు పుస్తకం భాషలో 'నీవు' అంటారు, మా అమ్మలాంటివాళ్ళు 'నువ్వు' అంటారు, అంతే తేడా. అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ చెంగు తల మీదికి లాక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"ప్రభువుగారండీ. ఈ రోజంతా మమ్మల్ని చల్లగా చూసేరండి. మా అబ్బాయి కరెంటు మోటార్లతో పని చేసే మనిషి, చెయ్యి జాగ్రత్తగా చూడండి. కొత్త అమ్మాయిగారు వచ్చేరండి, వారికి ఈ ఊరి నీళ్ళు పడాలి. గేదెకి చెవి దగ్గర పుండు అయిందండి, అది కూడా మీ చెవిన వేయాలి కదా. మరి ఉంటానండి. ఆమేన్."

నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆ 'మరి ఉంటానండి' దగ్గర నా భుజాలు కదలడం మా ఆయన చూశారు. తరవాత ఆయనే నవ్వుతూ చెప్పారు. చాలా ఏళ్ళ కిందట సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు అత్తగారి ప్రార్థన విని, "అమ్మగారూ, దేవుడు మనకి తండ్రి కదండీ, చనువుగా నీవు అనొచ్చండి" అని మెల్లిగా చెప్పారట. అందుకు ఈవిడ, "మా నాన్నగారిని కూడా మీరు అనే పిలిచేదాన్నండి" అన్నారట. దానికి పాస్టరుగారు, "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారట.

ఆ 'ఆయ్' సంగతి కూడా చెప్పాలి. గోదావరి వాళ్ళ 'ఆయ్'ని మా వైపు వాళ్ళు అనుకరించి నవ్వుతారు. అది ఉత్త 'అవును' అని నేనూ అనుకునేదాన్ని. కాదు. విన్నాను, మీరు చెప్పండి, నేను ఇక్కడే ఉన్నాను, ఇదంతా ఆ ఒక్క ముక్కలో ఉంటుంది. మిగతావాళ్ళు ప్రార్థన చేస్తుంటే మధ్యలో 'స్తోత్రం', 'ఆమేన్' అంటాం కదా, అత్తగారు అక్కడ 'ఆయ్' అనేవారు. నా ప్రార్థనకి కూడా అనేవారు. మొదట్లో నవ్వొచ్చేది, తరవాత ఆ మాట పడకపోతే ప్రార్థన ముందుకి కదిలేది కాదు.

ఒక్క విషయం మాత్రం నాకు గుచ్చుకునేది. ఆవిడ నన్ను కూడా 'మీరు' అనేవారు. "అమ్మాయిగారూ, మీరు టిఫిను చేసేరా?" అని అడిగేవారు. ఆవిడ 'నువ్వు' అనేది ప్రపంచంలో ఒక్క కొడుకుని మాత్రమే. నాకు ఆ 'మీరు' వింటే వీధరుగు మీద కూర్చోబెట్టినట్టు ఉండేది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యా, నన్ను కూడా నువ్వు అనండి. పరాయిదానిలాగా మీరేంటి?"

"ఆయ్, అలాగేనండి," అన్నారావిడ.

ఇక నేను ఆశ వదులుకున్నాను.

నా సంగతి వేరు. నాకు దేవుడంటే గోడ పక్కింటి మనిషి. మా అమ్మ పొయ్యి ఊదుతూ, బియ్యం ఏరుతూ ఆయనతో మాట్లాడుతుండేది, నాకూ అదే అలవాటైంది. "ఏందయ్యా, ఆటో ఇంకా రాలేదు, మొదటి గంట కొట్టేస్తారు, చూడవా?" అని నడిరోడ్డు మీద గొణిగేదాన్ని. దెబ్బలాడేదాన్ని, మళ్ళీ నేనే పలకరించేదాన్ని. నా విశ్వాసం అంటే ఆ చనువే. అది పోతుందని ఎన్నడూ అనుకోలేదు.

వానాకాలంలో, నాకు ఏడో నెల నడుస్తుండగా, కడుపులోని బిడ్డ కదలడం మానేసింది. అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆడపిల్ల. నాకు ఒక్కసారి చూపించారు. గుడ్డలో చుట్టిన ముఖం, నిద్రపోతున్నట్టే ఉంది. ఆ సాయంత్రమే మా ఆయన, సంఘ పెద్దలు వానలో తీసుకెళ్ళి సమాధుల తోటలో పెట్టి వచ్చారు. పేరు పెట్టలేదు. అప్పుడు నేను ఆసుపత్రి మంచం మీద గోడకేసి తిరిగి పడుకుని ఉన్నాను. ఎవరో నా నుదుటి మీద చెయ్యి వేశారు.

"నువ్వు నిద్రపోమ్మా. నేను ఇక్కడే ఉన్నాను."

అత్తగారు. అంత దుఃఖంలోనూ ఆ 'నువ్వు' నాకు వినబడింది. అడిగినప్పుడు రాని మాట అప్పుడు వచ్చింది. దానికోసం ఇంత ధర పెట్టాల్సి వచ్చిందా అని ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక నా నోరు మూతబడింది. అంటే మనుషులతో కాదు. కూర ఏం చెయ్యాలో అడిగేదాన్ని, బడికి సెలవు చీటీ రాసి పంపాను, ఫోనులో అమ్మతో మాట్లాడేదాన్ని. దేవుడితో మాత్రం మాట రాలేదు. 'ఏందయ్యా' అని మొదలుపెట్టాలంటే చనువు కావాలి. ఆ చనువు నాలో ఎక్కడ వెతికినా లేదు. నా దగ్గరివాడు అనుకున్నవాడు నా ఇంట్లోంచి ఒకటి తీసుకెళ్ళిపోయాడు, అదీ నన్ను అడక్కుండా. ఇక నువ్వు అని ఎలా పిలుస్తాను?

సంఘంలో ఆడవాళ్ళు పరామర్శకి వచ్చారు. మంచివాళ్ళే, నా మీద ప్రేమతోనే వచ్చారు. కానీ ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, ఇది దేవుని చిత్తం అనీ, ఇందులో ఏదో మేలు దాగుందనీ చెప్పడం మొదలుపెట్టింది. ఆ చెయ్యి విదిలించి లోపలికి పోదామనిపించింది. అత్తగారు టీ గ్లాసులు పట్టుకొచ్చి మధ్యలో నిలబడ్డారు.

"ఆయన చిత్తం సంగతి ఆయన్నే చెప్పనివ్వండి. మీరు టీ తాగండి, చల్లారిపోతుంది."

ఆ తరవాత ఎవరూ మేలు గురించి మాట్లాడలేదు. బిస్కెట్లు మెత్తబడ్డాయని, వాన తెరిపి ఇవ్వడం లేదని మాట్లాడుకుని వెళ్ళారు.

సాయంత్రం చాప మాత్రం ఎప్పటిలాగే పరిచేవారు. నేను రానంటే ఎవరూ బలవంతపెట్టరని తెలుసు, అయినా వెళ్ళి కూర్చునేదాన్ని, వెళ్ళకపోవడానికి కూడా ఓపిక కావాలి కదా. మా ఆయన వాక్యం చదివి తడబడుతూ ప్రార్థన ముగించేవారు. నా వంతు. నేను కళ్ళు మూసుకుని చాప అంచు పోచలు లాగుతూ కూర్చునేదాన్ని. ఒక్క మాట రాదు. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు, కాలవ అవతల ఎవరిదో టీవీ చప్పుడు. మా ఆయన అసహనంగా కదిలేవారు. అత్తగారు కదిలేవారు కాదు. నేను మాట్లాడి ఉంటే ఎంతసేపు పట్టేదో అంతసేపూ ఆగేవారు. ఆగి, నేనేదో చెప్పి ముగించినట్టు, "ఆయ్" అనేవారు. అప్పుడు తన ప్రార్థన మొదలుపెట్టేవారు.

మొదటి రోజు పొరపాటున అన్నారనుకున్నాను. మర్నాడూ అదే. ఆ తరవాతా అదే. ఆశ్వయుజం, కార్తీకం, కాలవ నీళ్ళు తేటబడ్డాయి, నేను మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం నా మౌనం, ఆవిడ ఆయ్.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తగారు చేతులకి నూనె రాసుకుని కంద చెక్కు తీస్తున్నారు. నేను ఎదురుగా బచ్చలాకు గిల్లుతున్నాను. అడిగాను.

"అత్తయ్యా, సాయంత్రం నేనేం మాట్లాడకపోయినా ఆయ్ అంటారెందుకు?"

ఆవిడ తల ఎత్తలేదు. "నువ్వు అక్కడికొచ్చి కూర్చుంటున్నావు కదమ్మా. ఊరికే కూర్చుంటావా, ఏదో ఉంటుంది. వినేవాళ్ళు వింటారు. విన్నామని మనిషికి తెలియాలి కదా."

"నాకు ఆయనతో మాటల్లేవు."

ఈ మాట పైకి అంటే ఇల్లు కూలుతుందనుకున్నాను. అత్తగారు కంద ముక్క తిప్పి రెండో వైపు చెక్కడం మొదలుపెట్టారు.

"మీ వైపు కోపం వస్తే మాట మానేస్తారా?"

"మా వైపు కోపం వస్తే తిడతాం అత్తయ్యా."

"తిట్టాలంటే మాట్లాడాలి కదమ్మా మరి," అన్నారావిడ.

అప్పుడు చెప్పారు. కాలం చేసిన మా మామగారికీ ఆయన అన్నగారికీ సరిహద్దు మీది కొబ్బరిచెట్టు దగ్గర మాట పట్టింపు వచ్చింది. ఒకరింటికి ఒకరు వెళ్ళడం మానేశారు. పెళ్ళిళ్ళకి పేరంటాలకి కూడా వేరే వేరే బల్లల మీద కూర్చునేవారు. కానీ చేలో గట్టు మీద ఎదురైతే మాత్రం, "అన్నయ్యగారూ, మీ మడికి నీరు ఎక్కువైందండి" అని ఈయన, "ఆయ్, చూసేనండి" అని ఆయన. ఏళ్ళ తరబడి అంతే. ఒకనాడు ఆ అన్నగారికి జబ్బు చేసిందని తెలిసి మామగారు నేరుగా వెళ్ళి మంచం పక్కన కూర్చున్నారు. మధ్యవర్తులు అక్కర్లేకపోయారు. క్షమాపణలు కూడా చెప్పుకోలేదు, మందులు వేసుకున్నారా అండీ అని అడిగారు, అంతే.

"అండీ అన్నది ఎందుకనుకున్నావు? దగ్గరివాళ్ళ కోసమనా? దగ్గరకి వెళ్ళలేనప్పుడు నిలబడ్డానికి ఓ చోటు ఉండాలని. నీకు ఆయన్ని నువ్వు అనాలనిపించకపోతే అనకు. కాస్త దూరం జరిగి మీరు అను. ఆయనేం అనుకోరు. నేను ఇన్నేళ్ళనుంచీ అక్కడే నిలబడి మాట్లాడుతున్నాను."

నేను తెలుగు చదువుకున్నదాన్ని. 'అండి' పుట్టుక గురించి తరగతిలో ఏవేవో చెప్పేదాన్ని. ఇది ఏ వ్యాకరణంలోనూ చదవలేదు.

ఆ సాయంత్రం కాదు, ఇంకో నాలుగు రోజులకి గానీ ధైర్యం రాలేదు. నా వంతు వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి దేవుణ్ణి మర్యాదగా పిలిచాను.

"ప్రభువుగారండీ. మీరు చేసింది నాకు నచ్చలేదండి. ఇంకేం చెప్పడానికి లేదండి."

అత్తగారు ఎప్పటిలాగే కాసేపు ఆగి, "ఆయ్" అన్నారు. తరవాత తన ప్రార్థన. ఆ రోజు ఆవిడ ప్రార్థనలో గేదె లేదు, మోటార్లు లేవు. "అమ్మాయి చెప్పింది విన్నారు కదండీ. నేను వేరే చెప్పక్కర్లేదు. మరి ఉంటానండి."

అలా మొదలైంది. రోజుకో మాట, రెండు మాటలు. కోపాన్ని 'అండి' పెట్టి చెప్పడం ఎంత కష్టమో చేసి చూస్తే తెలుస్తుంది. నోటికొచ్చింది అనడానికి వీల్లేదు. ఏం పోయిందో, ఎక్కడ నొప్పో, సరిగ్గా ఏది అడుగుతున్నానో చూసుకుని చెప్పాలి. క్రిస్మస్ నాటికి నేను ఫిర్యాదులే కాకుండా బడి సంగతులు కూడా ఒకటీ అరా చెబుతున్నాను. నా విశ్వాసం పెరిగిందా తరిగిందా అంటే నాకు తెలియదు. చిన్నప్పటినుంచీ ఉన్న ఆ చనువు తిరిగి రాలేదు. గట్టు మీద ఎదురుపడ్డవాళ్ళలా ఆయనా నేనూ మాట్లాడుకుంటున్నాం, అదే చాలనుకున్నాను.

అత్తగారిని చూస్తే మాత్రం నాకు ఆశ్చర్యం వేసేది. ఈవిడకి ఆయన మీద కోపమే రాదా అనుకునేదాన్ని. ఎంత దెబ్బ తగిలినా అదే గొంతు, అదే 'చల్లగా చూసేరండి'. పుట్టుకతో నెమ్మదైన మనిషి, ఈవిడకి నాలాంటి నిప్పు లేదు అని నాలో నేను తేల్చేసుకున్నాను. అప్పుడప్పుడు మధ్యాహ్నాలు కొడవలి పట్టుకుని గేదెకి గడ్డి కోసుకొస్తానని వెళ్ళేవారు. చాలాసేపటికి వచ్చేవారు. గడ్డి మాత్రం చారెడే ఉండేది. వయసు మీద పడింది, చేతకావడం లేదనుకున్నాను.

ఈస్టరుకి ముందు శనివారం మా ఊళ్ళో సమాధుల తోట శుభ్రం చేస్తారు. కలుపు పీకి, సున్నాలు వేసి, ఆదివారం తెల్లవారకుండానే కొవ్వొత్తులు వెలిగించడానికి సిద్ధం చేస్తారు. నేను రానని ముందే చెప్పాను. అక్కడికి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. నా బిడ్డ ఏ ముళ్ళకంప కింద ఉందో, వానకి ఆ మట్టి కొట్టుకుపోయిందేమో, చూస్తే ఆ కాస్త మాటా మళ్ళీ పోతుందేమోనని నా భయం. మా ఆయన ఎక్కడో ఐ.పోలవరం రొయ్యల చెరువుల దగ్గర మోటారు బాగుచేస్తూ ఉండిపోయారు. అత్తగారు మధ్యాహ్నం అన్నం తిని ఒక్కరే వెళ్ళారు. ఎండ మండిపోతోంది. చూస్తే మంచినీళ్ళ సీసా అరుగు మీదే మరిచిపోయారు. కాసేపు ఆ సీసా వంక చూస్తూ కూర్చున్నాను. తరవాత చెప్పులు వేసుకున్నాను.

కాలవ గట్టు చివర కొబ్బరితోట దాటితే సమాధుల తోట. ఇంకా ఎవరూ రాలేదు. అంతా మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డి మధ్యలో, ప్రహరీ మూల, ఒక్క చాపంత చోటు మాత్రం నున్నగా ఉంది. చుట్టూ ఇటుకలు పేర్చి ఉన్నాయి, వాటికి సున్నం కూడా ఎప్పుడో వేసిందే, కొత్తది కాదు. ఒక్క గడ్డి పరక లేదు. అన్ని మధ్యాహ్నాలూ అత్తగారు ఏ గడ్డి కోశారో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ అటు తిరిగి గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు.

"ఎత్తుకున్నావా దాన్ని? మెడ కింద చెయ్యి పెట్టేవా? నెలలు నిండని పిల్ల, మెడ నిలబడదు. నీకు తెలుసా ఆ సంగతి? నీకెవరు చెప్తారు? ఒక్కసారి నా చేతికి ఇచ్చి తీసుకుపోవచ్చు కదా. ఒక్కసారి. అంత తొందరేం వచ్చింది నీకు? ఇప్పుడు నువ్వే చూసుకోవాలి. ఏడిస్తే నువ్వే లేవాలి. వింటున్నావా?"

ఒక్క అండి లేదు. గేదెకి ఇచ్చే మర్యాద కూడా లేదు. ఇన్నాళ్ళూ నా కోపానికి నిలబడే చోటివ్వడానికి తను దూరంగా మర్యాదగా నిలబడి, తన కోపాన్ని ఇక్కడికి తెచ్చుకుని, కొడుకుని పిలిచినట్టు, నన్ను పిలిచినట్టు, ఆయన్ని 'నువ్వు' అని పిలిచి దెబ్బలాడుతున్నారు.

వింటున్నావా అని అడిగి ఆవిడ ఆగారు. జవాబు కోసమే ఆగారు. కాలవలో నీళ్ళు పోతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఆయ్," అన్నాను నేను వెనకనుంచి.

ఆవిడ ఉలిక్కిపడలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని, గొంతుక్కూర్చున్నట్టే కాస్త పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. నేను నీళ్ళ సీసా ఆవిడ చేతికిచ్చి ఆ ఇటుకల పక్కన కూర్చున్నాను. మట్టి మీద అరచెయ్యి పెట్టాను. ఎండకి వెచ్చగా ఉంది.

నా నోట మా ఊరి మాట వచ్చింది.

"విన్నావుగా అయ్యా," అన్నాను. "మెడ జాగ్రత్త."